కౌసు ఏడత్తి సంతకం

ఐదో ఇంటి మెట్టెక్కేసరికి తంకమణి చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. భుజాన సంచీ మాత్రం తడవలేదు. అందులో పద్దెనిమిది పుస్తకాలు, వాటి మీద ప్లాస్టిక్ కాగితం, ఆ పైన మధ్యాహ్నానికి కట్టుకున్న అన్నం డబ్బా. కర్కాటక మాసపు వాన కణ్ణూరు పక్కనున్న మా ఊళ్ళో మనుషుల్ని ఎలాగూ వదలదు కాబట్టి పుస్తకాలనైనా కాపాడుకుందామని ఆమె గొడుగు ఎప్పుడూ సంచీ వైపే వంచి పడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది.

ఆ ఇంటావిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపింది. పోయిన వారం ఇచ్చిన రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటి మీద ఉల్లిపాయల బుట్ట ఉంది. చదివారా అని తంకమణి అడగలేదు. ఆ మాట అడగడం మానేసి నాలుగేళ్ళయింది.

"ఏదో ఒకటి పెట్టి పో. నీకు కావలసింది సంతకమేగా," అంది ఆవిడ. "అయినా ఇంత వానలో తిరగడమెందుకే? నా బదులు నువ్వే గీకేసుకోరాదూ? ఆస్తి కాగితమా ఏంటి?"

"నేను గీకితే అది నా సంతకం అవుతుంది చేచ్చీ," అని ఆ అక్క ముందు తంకమణి రిజిస్టరు తెరిచి పట్టుకుంది.

మా ఊరి గ్రంథాలయాన్ని అందరం వాయనశాల అంటాం. అక్కడికి రాలేని ఆడవాళ్ళకి ఇంటింటికీ పుస్తకాలు తీసుకెళ్ళడం తంకమణి పని. నెలకి రెండు వందల పుస్తకాలు కదలాలి, ప్రతి దానికీ రిజిస్టరులో చదివే మనిషి సంతకం ఉండాలి. ఏడాదికి రెండు వేల నాలుగు వందలు. అంతకు తగ్గితే వాయనశాల శ్రేణి తగ్గుతుంది. శ్రేణి తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. గ్రాంటు తగ్గితే మొట్టమొదట పోయేది ఇంటింటికీ తిరిగే మనిషి. ఆ బుధవారానికి ఏడాది లెక్కలో ఇంకా నలభై ఒక్క పుస్తకాలు తక్కువ ఉన్నాయి. శుక్రవారం తనిఖీ సంఘం వస్తుంది.

ఈ పనికి తంకమణికి వచ్చేది నెలకి నాలుగు వేలు. దాన్ని జీతం అనకూడదట, గౌరవ వేతనం అనాలట. గౌరవం ఎక్కడుందో తెలియదు గానీ వేతనం మూడు నెలలకోసారి వస్తుంది. కణ్ణూరులో చీరల కొట్టువాళ్ళు రెండుసార్లు పిలిచారు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడితే పదకొండు వేలు. భర్త పవిత్రన్ రంగుల పనికి పోతాడు, ఈ వానల్లో ఆ పనీ ఉండదు. వెళ్ళమని అతను నోరు తెరిచి అనడు, కానీ బియ్యం డబ్బా మూత కాస్త గట్టిగా వేస్తాడు.

అయినా ఆమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎవరైనా అడిగితే నవ్వేసి ఊరుకునేది. నిజానికి దానికి కారణం ఒక్క మనిషి, కౌసు ఏడత్తి.

కౌసు ముప్ఫై నాలుగేళ్ళు బీడీలు చుట్టింది. ఊరందరికీ ఆవిడ ఏడత్తి, అంటే అక్క. బీడీ షెడ్డు మూతపడ్డాక ఇంటిపట్టున ఉండి చదవడం మొదలుపెట్టింది. అదీ మామూలు చదువు కాదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పాత్రలతో గొడవపడేది. "ఆ పడవవాడి పెళ్ళాం వాణ్ణి వదిలేసి పోవాలి కదే. పోనివ్వకుండా జ్వరం తెప్పించి చంపాడు. రాసినవాడు ఉత్త పిరికివాడు," అనేది. అలాంటి మాట ఒకటి వింటే తంకమణికి ఆ వారమంతా సంచీ బరువు తెలిసేది కాదు. మిగతా ఇళ్ళలో ఉల్లిపాయల బుట్ట కింద పడి ఉన్నా పరవాలేదు, ఒక్క ఇంట్లోనైనా పుస్తకం బతుకుతోంది అనుకునేది. వారానికి రెండు లెక్కన, పండగలకి ఒకటో రెండో ఎక్కువేసుకుని, కౌసు ఏడత్తి ఈ ఏడాది నూట పన్నెండు పుస్తకాలు తీసుకుంది. పంచాయతీలో అంత చదివినవాళ్ళు లేరు.

బుధవారం మధ్యాహ్నం తంకమణి, కార్యదర్శి దాసన్ మాష్ కలిసి పుస్తకాలు సరిచూస్తున్నారు. దాసన్ మాష్ రిటైరైన బడి పంతులు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వాయనశాలని భుజాన వేసుకుని నడుపుతున్నాడు. ఆరు దినపత్రికల్లో రెండింటికి తన పింఛనులోంచే కడతాడు. పోయిన వేసవిలో బైండరు చాత్తు దగ్గర ముప్ఫై పుస్తకాలు కుట్టించారు. వాటిలో నలభై ఒకటో పేజీలో వాయనశాల ముద్ర ఉందో లేదో చూడాలి. మా దగ్గర ప్రతి పుస్తకానికీ ఆ పేజీలో దొంగముద్ర ఒకటి వేస్తారు, అట్ట చిరిగినా పుస్తకం ఎవరిదో తెలియడానికి.

అలా చూస్తుండగా ఒక నవల తంకమణి చేతికొచ్చింది. ముద్ర సరిగానే ఉంది. ఊరికే చివరికి తిప్పింది. కథానాయిక రైలు స్టేషన్లో నిలబడి ఉంది, బండి కూత వినపడింది, పేజీ తిప్పితే మేకకి నులిపురుగుల మందు ఎంత పొయ్యాలో బొమ్మతో సహా ఉంది. అదీ తలకిందులుగా. చివరి పదహారు పేజీలూ పశువుల శాఖవాళ్ళు వేసిన మేకల పెంపకం పుస్తకంలోవి. చాత్తుకి చూపు ఆనడం లేదని అందరికీ తెలుసు, కానీ మరీ ఇంతని ఎవరూ అనుకోలేదు.

దాసన్ మాష్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. తంకమణీ నవ్వింది. నవ్వుతూనే వెనక అట్టకి అంటించిన తేదీల చీటీ చూసింది. బైండింగు అయ్యాక ఆ పుస్తకం ఒక్కసారే బయటికి వెళ్ళింది. రిజిస్టరు తిరగేస్తే ఆ తేదీకి ఎదురుగా కౌసు ఏడత్తి సంతకం ఉంది.

ఆ రోజు తంకమణికి బాగా గుర్తుంది. పుస్తకం తిరిగిచ్చేస్తూ కౌసు ఏడత్తి అంది, "ముగింపు దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదే. అలా రాయాలంటే గుండె ఉండాలి."

తంకమణి నవ్వు ఆగిపోయింది. మాష్ ఏమైందని అడిగితే ఏం లేదంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఒళ్ళు మండిపోయింది. ఉల్లిపాయల బుట్ట ఆవిడే నయం, అబద్ధం ఆడలేదు. ఈవిడ నమ్మించింది. ఈవిడ చదువుతోందని కదా తను పదకొండు వేలు వదులుకుంది. పిల్ల ట్యూషను మాన్పించింది, చెప్పు తెగితే కుట్టించి కుట్టించి వేసుకుంది. తనంత పిచ్చిది ఇంకెవరూ ఉండరనిపించింది.

గురువారం పొద్దున్నే కౌసు ఏడత్తి ఇంటికి వెళ్ళింది. కోడలు షైజ బేకరీలో పనికి వెళ్ళిపోయింది, కౌసు ఏడత్తి ఎప్పట్లాగే వరండాలో కూర్చుని ఉంది. గొడుగు మూసిన చప్పుడు వినగానే, "ఇవాళ నీ రోజు కాదుగా తంకమణీ, ఏంటే ఇలా తగలడ్డావు?" అని నవ్వింది. పక్కనున్న ఫ్లాస్కు తీసి గ్లాసులో డికాషను టీ పోసింది. గ్లాసు అంచున చూపుడువేలు లోపలికి పెట్టి పోసింది. ఆ వేలు తంకమణి వంద సార్లు చూసింది. అది ఆవిడ అలవాటు అనుకుంది.

టీ ముట్టుకోకుండా తంకమణి ఆ నవల తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వు ఏడ్చిన పుస్తకం. ఆ ముగింపు ఒక్కసారి నాకు చదివి వినిపించు ఏడత్తీ. నేనూ ఏడుస్తాను."

కౌసు ఏడత్తి పుస్తకం తెరిచింది. పేజీల మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నిమిరింది. చాలాసేపు అలాగే నిమిరింది.

"ఇప్పుడెలాగే? కళ్ళద్దాలు లోపల మర్చిపోయాను," అంది.

కళ్ళద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

తంకమణికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ మొహం ముందు చెయ్యి ఆడించబోయి, ఆ పని చెయ్యడానికి సిగ్గేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత కౌసు ఏడత్తే అడిగింది, ఎలా పట్టుకున్నావని. తంకమణి మేకల సంగతి చెప్పింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మేకల కోసం ఏడ్చానా నేను," అని మళ్ళీ మళ్ళీ నవ్వింది.

నవ్వు అయ్యాక చెప్పింది. ఎడమ కన్ను పోయి రెండేళ్ళు. కుడికంటితో గుమ్మంలో వెలుతురుందా లేదా అన్నంత వరకు తెలుస్తుంది. కణ్ణూరు ఆసుపత్రికి షైజ తీసుకెళ్ళింది కానీ అప్పటికే ఆలస్యమైందట. కంట్లో నీటి ఒత్తిడి నరాన్ని తినేసిందన్నారు. ఒక ఏడాది ముందొచ్చి చుక్కల మందు వేసుకుని ఉంటే చూపు నిలిచేదన్నారు. బయటివాళ్ళకి చెప్పొద్దని కోడలి చేత ఒట్టు వేయించుకుంది.

"నాకైనా చెప్పకూడదా ఏడత్తీ?"

"చెప్పాను కదే. అక్షరాలు మసగ్గా ఉన్నాయని మూడుసార్లు చెప్పాను."

ఆవిడ దెప్పడానికి అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. తంకమణికి మూడుసార్లూ గుర్తొచ్చాయి. మొదటిసారి, చవక కాగితం ఏడత్తీ, ఈమధ్య అచ్చు ఏం బాగుంటోంది అని పుస్తకం మార్చి ఇచ్చింది. రెండోసారి రెండు బీరువాలు వెతికి పెద్దక్షరాల పుస్తకాలు తెచ్చింది, తెచ్చానని గర్వపడింది కూడా. మూడోసారి పిల్లల బొమ్మల కథలు తెచ్చి, ఇంతకంటే పెద్దక్షరాలు కావాలంటే కొట్ల మీద బోర్డులు చదువుకో అని ఎగతాళి చేసింది. పంతొమ్మిదేళ్ళు పుస్తకాల మధ్య తిరిగిన మనిషికి, చదవలేకపోతే లోపం పుస్తకంలోనే ఉంటుందనిపించింది. ఎదుట కూర్చున్న మనిషి కళ్ళలోకి ఒకసారి చూడాలని తోచలేదు. నాలుగోసారి ఏడత్తి ఆ మాట ఎత్తలేదు. సరిపడే అచ్చు దొరికిందని తంకమణి సంతోషించింది.

ఆవిడ మూడోసారి చెప్పిన నెలలోనే వాయనశాల మేడ మీద ఉచిత కంటి పరీక్షలు జరిగాయి. తలుపు మీద కాగితం అంటించింది తంకమణే. ఇంటింటికీ పంచమని మాష్ ఇచ్చిన కరపత్రాలు ఈ సంచీలోనే, పుస్తకాల అడుగున ఉన్నాయి. ఆ రోజు ఇంకా పదిహేడు ఇళ్ళు తిరగాలి, సంతకాలు తక్కువ పడుతున్నాయి. ఈ వరండాలో నిలబడే సంతకం పెట్టించుకుని పరిగెత్తింది. మిగిలిన కరపత్రాలు తడి పుస్తకాల మధ్య పొరలుగా వేసింది.

అదంతా ఆమె ఏడుస్తూ చెప్పేసింది. కౌసు ఏడత్తి వింది. ఓదార్చలేదు.

"ఆ కాగితం ఇచ్చినా నేను చదవగలిగేదాన్నా ఏంటి?" అంది చివరికి.

"చదవలేనప్పుడు వారానికి రెండు పుస్తకాలు ఎందుకు తీసుకున్నావు? కథలు ఎలా చెప్పావు?"

"సగం కథ నువ్వే చెప్పేదానివి కదే, పుస్తకం చేతిలో పెడుతూ. మిగతా సగం వారం రోజులు కూర్చుని నేను అల్లుకునేదాన్ని." కౌసు ఏడత్తి చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "మా బీడీ షెడ్డులో పొద్దున్నే ఒకళ్ళు పేపరు చదివేవాళ్ళు, మిగతావాళ్ళం చుట్టుకుంటూ వినేవాళ్ళం. చదివే మనిషి చేతులు ఖాళీ కదా, ఆ మనిషి కూలి పోకూడదని తలా ఇరవై బీడీలు ఆ మనిషి చేటలో వేసేవాళ్ళం. సంతకాలు తగ్గితే నీ పని పోతుందని నువ్వే చెప్పావు. పని పోతే నువ్విటు రావు. అందుకే నీ వంతు నేను చుడుతున్నా."

తంకమణి అక్కడి నుంచి తిన్నగా దాసన్ మాష్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఉత్తమ పాఠకురాలు కౌసు ఏడత్తి ఇంటికి సంఘాన్ని తీసుకెళ్తామని ఆయన అప్పటికే రాసి పంపాడు. నలభై ఒకటి తక్కువైతే ఎలాగో పూడ్చుకోవచ్చు. ఆ ఇంటి నూట పన్నెండు కొట్టేస్తే అది నూట యాభై మూడు అవుతుంది. ఆ ఉత్తరం నకలుని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పావుగంట, తంకమణీ. పుస్తకం పట్టుకుని కూర్చుంటే చాలు. ఆవిడకి అభ్యంతరం ఉండదని నాకు తెలుసు," అన్నాడు. ఆ మాట అంటూ ఆయన ఆమె మొహం చూడలేదు. ఆరు పేపర్లు రెండవుతాయన్నాడు. పొద్దున్నే వచ్చి కూర్చునే ముసలాళ్ళ మాటేమిటన్నాడు. నీ సంగతి కూడా ఆలోచించుకో అన్నాడు. నిజానికి ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. బళ్ళో పిల్లలు కాపీ కొడితే తను ఏడ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కౌసు ఏడత్తికి అభ్యంతరం లేకపోవడమే కాదు, హుషారొచ్చింది. "నిటారుగా పట్టుకుంటానులే. పైవైపు ఏదో చెప్పు చాలు," అంది. తంకమణి పుస్తకం పై అంచున ఎర్రదారం ముడివేసి ఆవిడ వేలికి తగిలించి చూపింది.

శుక్రవారం వాన కాస్త తెరిపిచ్చింది. సంఘం నుంచి ముగ్గురు వచ్చారు. పెద్దాయన పేరు నంబ్యార్, మర్యాదస్తుడు, గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. షైజ ఆ పూట సెలవు పెట్టి అత్తకి తల దువ్వింది, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టింది. కౌసు ఏడత్తి పుస్తకం నిటారుగా పట్టుకుని కూర్చుంది, బొటనవేలు ఎర్రదారం మీద ఉంది. అప్పుడప్పుడూ ఒక పేజీ తిప్పింది. ఏం చదువుతున్నావమ్మా అని ఆయన అడిగితే, తంకమణి ముందు రోజు చెప్పిన సగం కథా చక్కగా చెప్పి, అందులో మామగారి పాత్రని నాలుగు తిట్లు తిట్టింది. ఆయన నవ్వాడు. వెంట వచ్చినావిడ ఫోటో తీసింది. గేటు దగ్గర నిలబడ్డ దాసన్ మాష్ ఊపిరి వదిలాడు.

"ఇలాంటి పాఠకురాలు ఒక్కరుంటే చాలు, మీ పంతొమ్మిదేళ్ళూ వృథా పోలేదు," అని నంబ్యార్ ఒక కాగితం తీసి తంకమణికి ఇచ్చాడు. ఈ పాఠకురాలు పై పుస్తకాలన్నీ చదివినట్టు నేను ఎరుగుదును అని దాని మీద అచ్చేసి ఉంది. కింద ఆమె సంతకం కోసం గీత గీసి ఉంది. ఆయనే పెన్ను మూత తీసి అందించాడు.

ఎన్ని వేల సంతకాలు పెట్టించిందో తంకమణికి లెక్క లేదు. ఆమెని సంతకం అడగడం ఇదే మొదలు. పెన్ను కాగితం మీద పెట్టింది. సిరా చుక్క ఒకటి అంటింది. పిల్ల ట్యూషను గుర్తొచ్చింది, బియ్యం డబ్బా మూత చప్పుడు గుర్తొచ్చింది. తడి పుస్తకాల మధ్య వేసిన కరపత్రాలు గుర్తొచ్చాయి. వాటి మీద ఒక పెద్ద కన్ను బొమ్మ ఉండేది.

"నేను పెట్టను సార్," అంది.

ఆయనకి అర్థం కాలేదు. మాష్ గేటు దగ్గర్నుంచి రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు.

"ఆవిడకి కళ్ళు కనపడవు. రెండేళ్ళయింది. కనపడటం లేదని నాతో మూడుసార్లు చెప్పింది. నేను పుస్తకాలు మార్చాను."

నంబ్యార్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఫోటో తీసినావిడ ఫోను వైపు చూసి, దాన్ని మెల్లగా సంచీలో పెట్టేసింది. మాష్ అటు తిరిగి గేటు పట్టుకుని నిలబడ్డాడు. షైజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కౌసు ఏడత్తి అంతా వింది. చేతిలోని పుస్తకం మూసి, ఎర్రదారం ముడి వేలితో తడుముకుంది.

"అయితే ఇక నువ్వు రావా, తంకమణీ?" అని అడిగింది.

వస్తానని చెప్పాలని తంకమణికి ఉంది. కానీ చీరల కొట్టు తొమ్మిదింటికి తెరుస్తారు, రాత్రి ఎనిమిదింటికి మూస్తారు. ఆ తర్వాత ఆఖరి బస్సు. అక్కడ నిలబడ్డ అందరికీ ఆ సంగతి తెలుసు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఏడత్తి చేతిలోని పుస్తకం తీసుకుని, మొదటి పేజీ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. మళ్ళీ వాన అందుకుంది. సంఘం వాళ్ళు గొడుగులు విప్పాలో వద్దో తెలియక వరండాలోనే నిలబడిపోయారు.

నాలుగో పేజీకి వచ్చేసరికి కౌసు ఏడత్తి ఖాళీ చేతులు ఒళ్ళో కదలడం మొదలుపెట్టాయి. రెండు బొటనవేళ్ళూ, రెండు చూపుడువేళ్ళూ. లేని ఆకులో లేని పొగాకు వేసి, చుట్టి, చివర మడిచి, పక్కనున్న లేని చేటలో వేస్తున్నాయి.